పొయ్యి, నీళ్ళు, పక్క

మార్చి 9

జిల్లా మండలి నిబంధనల సంఘానికి నన్ను అధ్యక్షుణ్ణి చేశారు. పోటీకి ఎవరూ రాలేదు. ఎలా వస్తారు? పెద్ద కోళ్ళ ఫారాలకు నిబంధనలు రాయడమంటే అటు షెడ్ల వాళ్ళతోనూ ఇటు చుట్టుపక్కల ఇళ్ళ వాళ్ళతోనూ తిట్లు తినడమే. "మీరైతే త్రాసులాంటి మనిషండీ" అని పొగిడి అందరూ కలిసి నా మెడకు చుట్టారు. హార్డ్‌వేర్ షాపులో మేకులు తూచి అమ్ముతాను కాబట్టి నాకు త్రాసు అనే పేరొచ్చిందని కొందరంటారు. నా స్వభావం వల్ల వచ్చిందని నేననుకుంటాను. ఇది నా డైరీ, ఇక్కడ అనుకోవచ్చు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ "మా తమ్ముడికి మంచిదే" అంది. వాడికి నాలుగు షెడ్లున్నాయి. మంచీ లేదు చెడూ లేదు, న్యాయం జరుగుతుందంతే అన్నాను. "అబ్బో" అంది.

మార్చి 17

మొదటి విచారణ. హాలు కిక్కిరిసిపోయింది. ఒకావిడ గాజు సీసా తెచ్చి నా బల్ల మీద పెట్టింది. దాని నిండా ఈగలు. కొన్ని ఇంకా బతికే ఉన్నాయి. "పొద్దున వంట చేస్తూ పట్టినవండీ ఇవి. మీ ఇంటికి తీసుకెళ్ళండి" అంది. షెడ్ల వాళ్ళ వైపు నుంచి ఎవరో "మూత గట్టిగా పెట్టమ్మా" అన్నారు. నవ్వులు, ఆ తర్వాత అరుపులు.

మండలిలో ఒక పద్ధతి ఉంది. మాట్లాడటానికి లేచిన ప్రతి మనిషినీ అధ్యక్షుడు ముందు "మీరిప్పుడు ఎక్కడ ఉంటున్నారు?" అని అడగాలి. షెడ్ల దగ్గర్లో ఉంటున్నవాళ్ళకే అభ్యంతరం చెప్పే హక్కు. మిగతావాళ్ళు కూర్చుని వినొచ్చు. ఇవాళ పట్నం నుంచి కాగితాల కట్టతో ఒక గడ్డం మనిషి వచ్చాడు. ఎక్కడ ఉంటున్నారని అడిగాను. "ఉండేది పట్నంలోనే, కానీ మా అమ్మమ్మగారి ఇల్లు…" అని మొదలుపెట్టాడు. "అయితే మీ అమ్మమ్మగారిని పంపించండి" అన్నాను. హాలంతా నవ్వింది. షెడ్ల వాళ్ళే కాదు, సీసా తెచ్చిన ఆవిడ కూడా నవ్వింది. నియమం అంటే అందరికీ ఒకటే ఉండాలి.

సంఘంలో నాతో కలిపి ఆరుగురం. అందులో పంతులమ్మ ఒక్కతే నా ప్రాణానికి. బడిలో పిల్లల్ని బెదిరించి రిటైరైంది, ఇప్పుడు మమ్మల్ని బెదిరిస్తోంది. ఇంటికీ షెడ్డుకీ మధ్య కిలోమీటరు దూరం ఉండాల్సిందేనని ఒంటికాలి మీద లేచింది. షెడ్ల వాళ్ళు రెండు వందల మీటర్లు చాలంటున్నారు.

మార్చి 22

ఆదివారం. అక్క ఇంటికి వెళ్ళి కిటికీలకు ఈగల జాలీ బిగించి వచ్చాను. షాపులో ఉన్నవాటిలోకెల్లా సన్న కన్నుల జాలీ, ఇత్తడి మేకులు. బామ్మర్ది షెడ్ల వెనక ఉన్న మెరక మీద అక్క ఇల్లు. బావ, అక్క కలిసి ఇటుకలు మోసి కట్టుకున్నది. బావ పోయాక కూడా అక్కడి నుంచి కదలలేదు. తూర్పు కిటికీ పక్కన కుట్టుమిషన్. పొద్దున లేచింది మొదలు వెలుగు పోయేదాకా దాని ముందే.

మేకులు కొడుతుంటే అక్క వెనక నిలబడి అజమాయిషీ. "ఒరే చిన్నోడా, ఆ మూల వంకర పోయింది." అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్ళు. నాకు స్నానం చేయించడం నుంచి నా పెళ్ళి చూపులకు చొక్కా ఇస్త్రీ చేయడం దాకా అన్నీ అక్కే. ఇప్పటికీ నా చేతిలో సుత్తి చూస్తే వేలు కొట్టుకుంటానని భయం.

"నిబంధనలు రాస్తున్నావటగా. నువ్వు రాస్తే ఈగలు చదువుతాయంట్రా?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుతూ ఉండగానే అక్కకి దగ్గొచ్చింది, చాలాసేపటికి గానీ తగ్గలేదు. గాలి అటు తిరిగితే ఆ పెంట ఘాటుకు నాకే కళ్ళు మండాయి.

ఏప్రిల్ 6

బామ్మర్ది ఒక ట్రే గుడ్లు పట్టుకొచ్చాడు. వద్దంటే వినడు. మంచివాడు, నోరే కాస్త ఎక్కువ. వంటింట్లో మా ఆవిడా వాడూ గుసగుసలాడుకుని తర్వాత టీ తెచ్చారు.

అక్క ఇంటి కింద పొలం కొన్నాడట. అందులో ఇంకో ఎనిమిది షెడ్లు కడతాడట. "ఈ కాలంలో నాలుగు షెడ్లతో నెట్టుకురావడం కుదరదు బావా. పెరగాలి, లేదంటే మూసుకోవాలి" అన్నాడు. నా దగ్గర అలాంటి మాటలెత్తొద్దు, నేను అధ్యక్షుణ్ణి అన్నాను. "ఎత్తను. మామూలుగా అడుగుతున్నా, పాడుబడ్డ కొంపలకి కూడా దూరం వదలాలా? గబ్బిలాలు కేసు పెడతాయా?"

నవ్వొచ్చింది. అయినా అందులో పాయింటు ఉంది. కాపాడాల్సింది మనుషుల్ని, గోడల్ని కాదు.

ఏప్రిల్ 21

నిబంధన తేలింది. తల ప్రాణం తోకకొచ్చింది. 'జనం ఉంటున్న ఇంటికి అర కిలోమీటరు లోపల పెద్ద షెడ్డు కట్టరాదు.' కిలోమీటరూ కాదు, రెండు వందల మీటర్లూ కాదు. రెండు వైపులవాళ్ళూ నన్ను సమానంగా తిట్టుకున్నారు కాబట్టి సరిగ్గా తూచాననే అర్థం. ఉన్న షెడ్ల జోలికి వెళ్ళం, ఈ లెక్క కొత్తవాటికే. మూడు నెలలుగా ఎవరూ ఉండని ఇల్లు ఈ లెక్కలోకి రాదు. ఆ వాక్యం నేనే చేర్చాను.

పంతులమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అడిగింది: "త్రాసుగారూ, ఈ ఆఖరి ముక్క ఎవరి కోసం?"

"పాడుబడ్డ ఇళ్ళ కోసమండీ."

"పాడుబడ్డ ఇళ్ళు వచ్చి అడిగాయా మిమ్మల్ని?"

అన్నిటికీ సమాధానం చెప్పక్కర్లేదు. అక్క ఇల్లు ఆ పొలానికి మూడు వందల మీటర్లు కూడా ఉండదు. అంటే నా నిబంధన వల్ల నష్టపోయేది నా బామ్మర్దే. ఇంతకంటే న్యాయం ఏముంటుంది?

ఏప్రిల్ 22

మా ఆవిడ మాట్లాడటం లేదు.

మే 2

ఇంకా లేదు. అన్నం పెట్టి గరిటె చప్పుడు చేస్తుంది, అంతే.

మే 19

అక్కను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందట. "ఆ గాలి నుంచి ఓ నెల దూరంగా ఉంచండి, మందులకంటే అదే ముఖ్యం" అన్నాడు. అక్క వినలేదు. స్కూళ్ళు తెరిచే రోజులు, యూనిఫారాలు కుట్టాలి అంది.

మే 27

బామ్మర్ది షాపుకొచ్చాడు. నిబంధన సంగతి ఎత్తుతాడని గట్టిగా కూర్చున్నాను. ఎత్తలేదు. "వదినగారి దగ్గు మా షెడ్ల దాకా వినబడుతోంది బావా. నాకే గిల్టీగా ఉంది. మీ ఇంటికి తెచ్చుకోండి. పెద్దావిడ, ఒక్కతీ ఎందుకు అక్కడ?" అన్నాడు. గొంతులో నిజమైన బాధ ఉంది. మనిషిని అనవసరంగా అనుమానించాను.

ఇంటికొస్తే మా ఆవిడ నెల దాటాక మాట్లాడింది. "పెరటి గది ఖాళీగానే ఉందిగా. వదినని తీసుకురండి" అంది. అక్కకు దగ్గొస్తే వేడినీళ్ళు పట్టడానికి తనుంటుంది. డాక్టరు కూడా అదే కదా చెప్పింది. అక్క ఆరోగ్యం కోసమే.

జూన్ 7

అక్కను తీసుకొచ్చాను. చేతిలో ఉన్న యూనిఫారాలన్నీ పూర్తి చేసే దాకా కదల్లేదు.

బయల్దేరడానికి సగం రోజు పట్టింది. అమ్మ అలవాటే అక్కకీ వచ్చింది. ఇల్లు వదిలి నాలుగు రోజులు వెళ్ళినా సరే, పొయ్యి తుడిచి ఆరబెట్టాలి. బిందెల్లో నీళ్ళు వంపేసి బోర్లించాలి. పక్క చుట్టి గోడకి నిలబెట్టాలి. మిషన్‌కి దుప్పటి కప్పాలి. "మనం లేనప్పుడు ఇల్లు మన కోసం ఎదురుచూస్తూ ఉండకూడదురా. నిశ్చింతగా పడుకోవాలి" అంటుంది. పరుపు నేనే చుట్టాను. తాడు వదులుగా కట్టానని విప్పి మళ్ళీ కట్టింది.

మిషన్ కూడా తెచ్చుకుంటానంది. ఎందుకక్కా ఆ బరువు, విశ్రాంతి తీసుకోవడానికి వస్తూ అన్నాను. "నెల రోజులేగా" అని తనే సర్దిచెప్పుకుంది.

జూన్ 15

దగ్గు సగం తగ్గింది.

జూన్ 30

దగ్గు పూర్తిగా పోయింది. ముఖంలో కళ వచ్చింది. మా ఆవిడా అక్కా కలిసి టీవీ చూస్తూ దాంట్లో వాళ్ళందర్నీ తిడుతున్నారు. ఇంట్లో ఇంత సందడి ఎన్నాళ్ళయిందో. నా చొక్కాలకు గుండీలన్నీ గట్టిగా కుట్టేసింది, ఇప్పుడు ఒక్కటి కూడా తీయడానికి రావడం లేదు.

జూలై 8

అక్క వెళ్తానంది. ఇల్లు అలాగే ఉంది, వెల్ల వేయించి పంపిస్తాను అన్నాను. వెల్ల వేసేవాడు దొరకాలి.

జూలై 19

అక్క మళ్ళీ అడిగింది. వర్షాలు మొదలయ్యాయి, చెమ్మలో మళ్ళీ దగ్గొస్తుంది అన్నాను. నిజమే కదా. డాక్టర్ని అడగలేదు గానీ, అడిగితే ఆయనా అదే అంటాడు.

వెల్ల వేసేవాడు దొరికాడు. వర్షాల్లో వద్దన్నాను.

ఆగస్టు 3

పొద్దున షాపులో క్యాలెండరు ముందు నిలబడి ఉన్నాను. ఎందుకు నిలబడ్డానో గుర్తు రాలేదు. ఎవరో వచ్చి బోల్టులు అడిగితే ఇచ్చాను.

ఇక్కడ రెండు వాక్యాలు రాసి కొట్టేశాను.

ఆగస్టు 16

అక్కకి తోచడం లేదు. పెరట్లో నిలబడి వేళ్ళు ఆడిస్తోంది, లేని గుడ్డని మిషన్ కింద తోస్తున్నట్టు. "చిన్నోడా, నా చేతులు మర్చిపోతాయిరా" అంది. పైకి నవ్వుతూనే అంది. ఇంకొక్క పదిహేను రోజులు ఓపిక పట్టక్కా అన్నాను. పదిహేను రోజులని ఎందుకన్నానో.

బామ్మర్ది గుడ్లు తెచ్చాడు. అక్కకి పళ్ళు కూడా. "ఎలా ఉన్నారు వదినగారూ, ఒళ్ళు చేశారే" అన్నాడు. "మీ కోళ్ళలాగే నన్నూ కదలకుండా కూర్చోబెట్టి మేపుతున్నారుగా" అంది అక్క. వాడు అందరికంటే గట్టిగా నవ్వాడు.

సెప్టెంబరు 9

బామ్మర్ది ఎనిమిది షెడ్లకు దరఖాస్తు పెట్టాడు. నా దగ్గరికి మామూలు దారిలోనే వచ్చింది, నేనూ మామూలు దారిలోనే తనిఖీకి పంపాను. అక్క ఇల్లు కూడా ఉంది కాబట్టి నేను తనిఖీకి వెళ్ళను, అది సబబు కాదు అని అందరి ముందూ చెప్పాను. మెచ్చుకున్నారు. పంతులమ్మ మాత్రం నన్నే చూస్తూ కూర్చుంది.

సెప్టెంబరు 14

మండలి కొలతలాయన తనిఖీ చేసి వచ్చాడు. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. ఇంట్లో జనం ఉంటున్నారో లేదో ఎలా తేలుస్తారండీ అని ఎవరో అడిగితే చెప్పాడు: "మనుషులు అబద్ధం చెబుతారు గానీ ఇల్లు చెప్పదండీ. పొయ్యి, నీళ్ళు, పక్క. ఈ మూడూ చూస్తే చాలు. కొందరు వేరే చోట కాపురముంటూ నేను వస్తున్నానని తెలిసి తాళం తీసి కూర్చుంటారు. పొయ్యి మీద చెయ్యి పెడితే తెలిసిపోతుంది. కొందరు నాలుగు రోజులు పనుండి ఊరెళ్తారు. వాళ్ళ బిందెలో నీళ్ళుంటాయి, పక్క పరిచే ఉంటుంది. అలాంటిదాన్ని ఖాళీ ఇల్లని నేను రాయను."

తర్వాత నా వైపు తిరిగాడు. ఆ ఇల్లు ఎవరిదో ఆయనకు తెలియదు, మొన్న నేను చెప్పినప్పుడు ఆయన లేడు. "మెరక మీద ఇల్లు, తాళం వేసి ఉంటే కిటికీలోంచి చూశానండీ. నా సర్వీసులో అంత శుభ్రంగా ఖాళీ చేసిన ఇల్లు చూడలేదు. పొయ్యి తుడిచి ఉంది. బిందెలు బోర్లించి ఉన్నాయి. పరుపు చుట్టి తాడు ఎంత గట్టిగా కట్టారంటే, ఇక రాని వాళ్ళే అలా కడతారు. మూడు నెలలు దాటిందని పక్క పొలాల్లో పనిచేసేవాళ్ళూ చెప్పారు. నివాసం లేదని రాసేశాను."

నేనేదో అనాలి. ఆ ఇల్లు మా అక్కదండీ, అది ఆవిడ అలవాటండీ, నెల రోజులకని వచ్చిందండీ, నేనే ఆపానండీ. ఈ నాలుగు మాటలూ నోటి దాకా వచ్చాయి. "సంతకం ఎక్కడ పెట్టాలి?" అన్నాను.

సెప్టెంబరు 15

నేను అక్కడ మాట్లాడితే పక్షపాతం అనేవాళ్ళు. తన అక్క ఇల్లని నోరు తెరిచాడు అనేవాళ్ళు. త్రాసు అలా మాట్లాడకూడదు.

సెప్టెంబరు 20

పంతులమ్మ పరదాలకు చేత్తో అంచు కుట్టించుకునే నెపంతో మా ఇంటికొచ్చింది. నేను షాపులో ఉన్నాను. రాత్రి భోజనాల దగ్గర అక్క మామూలుగా అడిగింది.

"నా ఇంటి పక్కన షెడ్లు కడతారటగా?"

"ఇంకా ఏం తేలలేదక్కా."

"శుక్రవారం విచారణంట. నేనొచ్చి ఒక మాట చెప్పొచ్చా?"

మా ఆవిడ గరిటె ఆగింది. "రావచ్చక్కా. ఎవరైనా రావచ్చు" అన్నాను.

రావచ్చు. ఆ మాటలో అబద్ధం లేదు.

సెప్టెంబరు 25

రాయాలి. రాస్తే గానీ పడుకోలేను.

అక్క ఉతికిన చీర కట్టుకుని ముందు వరుసలో కూర్చుంది. నాతోనే, నా బండి మీదే వచ్చింది. దారి పొడుగునా ఏం చెప్పాలో నాతో అభ్యాసం చేసింది. "ఎక్కువ చెప్పనురా. షెడ్లు కట్టుకోండి, నా ఇంటికి కాస్త గాలి వదలండి అంటాను. బాగుందా?" బాగుందక్కా అన్నాను. బండి నడుపుతున్నాను కాబట్టి నా ముఖం తనకు కనబడలేదు.

బామ్మర్ది తన మాట చెప్పాడు. ఇంకెవరైనా ఉన్నారా అన్నాను. అక్క లేచింది. హాల్లో చాలామందికి తను నా అక్కని తెలుసు. కొందరు చిరునవ్వుతో చూశారు. అక్క మైకు పట్టుకోవడం రాక దాన్ని దారపు ఉండలా రెండు చేతుల్లో పొదివి పట్టుకుంది.

నేను అడిగాను. అడక్కుండా ఉండొచ్చు. ఒక్కసారి మర్చిపోయినట్టు ఉండొచ్చు, ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. కానీ పట్నం మనిషిని అడిగాను, ఈగల సీసా ఆవిడని అడిగాను. అందరికీ ఒకటే నియమం. పైగా నాకు భయమేసింది. తను మాట్లాడటం మొదలుపెడితే నేనేం చేస్తానోనని భయం.

"మీరిప్పుడు ఎక్కడ ఉంటున్నారమ్మా?"

అమ్మా అన్నాను. ఎవరినైనా అలాగే అంటాను.

అక్కకి అర్థం కాలేదు. నవ్వింది. "నీకు తెలీదా?"

హాలు నవ్వింది. నేను నవ్వలేదు. "రికార్డు కోసమమ్మా. చెప్పాలి."

అప్పుడు చూసింది నన్ను. పంతులమ్మ తనకు అంతా చెప్పే ఉంటుంది, తనే నమ్మి ఉండదు. మెరక మీద నా ఇంట్లో ఉంటున్నాను అని ఒక్క మాట అంటే సరిపోయేది. అప్పుడు కొలతలాయన రాసింది తప్పని నేను చెప్పాల్సి వచ్చేది, ఎందుకు తప్పో కూడా చెప్పాల్సి వచ్చేది. అక్క ఆ మాట అంటుందేమోనని చూశాను. అనాలని కూడా ఎక్కడో కోరుకున్నాను. ఆ కోరిక కూడా ఇక్కడే రాసుకోవాలి, బయట చెప్పుకునేది కాదు.

అక్క జీవితంలో అబద్ధం ఆడలేదు. నా కోసం కూడా ఆడలేదు, నాన్న నన్ను కొడతాడని తెలిసినా ఆడలేదు, మధ్యలో అడ్డం నిలబడేది.

"మా తమ్ముడింట్లో" అంది. "నెల రోజులని రమ్మంటే వచ్చాను. వెళ్తానన్నప్పుడల్లా ఆగమన్నాడు. ఆగాను."

మైకు జాగ్రత్తగా బల్ల మీద పెట్టి వెళ్ళి కూర్చుంది. నిబంధన ప్రకారం ఆవిడ అభ్యంతరాన్ని తీసుకోలేమని నేనే చదివాను. గొంతు వణకలేదు. ఎలా వణకలేదో!

ఓటింగు. అనుకూలం ముగ్గురు, వ్యతిరేకం ఇద్దరు. అక్క నాకు బంధువు కాబట్టి, బామ్మర్దీ బంధువే కాబట్టి నేను ఎటూ చెయ్యెత్తలేదు. పంతులమ్మ కాగితాలు సర్దుకుంటూ, "నీ చెయ్యి లేస్తే సమానమై ఆగిపోయేది నాయనా" అంది. నన్ను ఆవిడ నాయనా అనడం ఇదే మొదటిసారి. తిడితే బాగుండేది.

తిరిగి వచ్చేటప్పుడు అక్క బండి మీద నా భుజం పట్టుకోలేదు. సీటు వెనక కడ్డీ పట్టుకుంది.

సెప్టెంబరు 26

పొద్దున లేచేసరికి అక్క లేదు. మొదటి బస్సుకి వెళ్ళిపోయిందని మా ఆవిడ చెప్పింది. ఆపలేదా అంటే "ఏమని ఆపను?" అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

పెరటి గదిలోకి వెళ్ళాను. పరుపు చుట్టి గోడకి నిలబెట్టి ఉంది. తాడు గట్టిగా కట్టి ఉంది. మంచినీళ్ళ చెంబు వంపేసి, తుడిచి, బోర్లించి ఉంది.

సెప్టెంబరు 27

షాపు తెరవలేదు.

అక్టోబరు 11

పునాదులు తవ్వుతున్నారు. అక్క తిరిగి వచ్చి ఉంటోంది కదా, మళ్ళీ తనిఖీ చేయించొచ్చా అని కొలతలాయన్ని అడిగాను. అనుమతి ఇచ్చాక ఎవరొచ్చి ఉన్నా లెక్కలోకి రాదండీ, మీరే రాశారుగా అన్నాడు. నేనే రాశాను. ఎవరైనా షెడ్డు ఆపడానికి ఖాళీ ఇంట్లోకి వచ్చి చేరతారేమోనని ఆ వాక్యం కూడా నేనే చేర్చాను. అందరూ మెచ్చుకున్నారు.

నవంబరు 30

బామ్మర్ది గుడ్లు తెచ్చాడు. మా ఆవిడ గుమ్మంలోనే ఆపి వెనక్కి పంపేసింది. తమ్ముణ్ణి అలా పంపడం ఎప్పుడూ చూడలేదు.

జనవరి 18

ఎనిమిది షెడ్లూ లేచాయి. పెద్ద ఫ్యాన్లు అన్నీ మెరక వైపే. కోడిపిల్లల మొదటి బ్యాచ్ దిగింది. షాపులో ఈగల జాలీ చుట్టలు చుట్టలుగా అమ్ముడుపోతోంది. మేకులు తూస్తుంటే ముల్లు మధ్యలో నిలబడేదాకా ఆగలేకపోతున్నాను. ఒకాయన "త్రాసుగారూ" అని పిలిస్తే పలకలేదు.

ఫిబ్రవరి 21

ఆదివారం. వెళ్ళాను. వెళ్ళకూడదనుకుంటూనే ఇన్నాళ్ళు గడిపాను, కానీ నిన్న డాక్టరు షాపుకొచ్చి, "మీ అక్కగారు మళ్ళీ వచ్చారు, ఈసారి నాకు బాగా అనుమానంగా ఉందండీ, అక్కడి నుంచి తీసుకురాకపోతే ఈ ఏడాది గడవడం కష్టం" అన్నాడు.

మెరక ఎక్కుతుంటేనే మిషన్ చప్పుడు వినబడింది. ప్రాణం లేచి వచ్చింది. ఘాటుకి నా కళ్ళు కారుతున్నాయి, ఘాటుకే అనుకోవచ్చు. తలుపులు, కిటికీలు అన్నీ వేసి ఉన్నాయి, తూర్పు కిటికీ ఒక్కటే తీసి ఉంది, వెలుగు కోసం. దానికి నేను బిగించిన జాలీ. ఈగలతో నల్లబడిపోయి, లోపల అక్క నీడలా కనబడుతోంది. ఎంత చిక్కిపోయిందో. వెనక పొయ్యి వెలుగుతోంది. గట్టు మీద బిందె నిండా నీళ్ళు. మూలన పక్క పరిచి ఉంది.

"అక్కా" అన్నాను.

మిషన్ ఆగింది. దగ్గు మొదలైంది. తగ్గేదాకా నిలబడ్డాను.

"అక్కా, ఇంటికి రా. మిషన్ కూడా తీసుకెళ్దాం. బండి మాట్లాడుకొచ్చాను. నీ ఆరోగ్యం కోసమేనే."

ఆ మాట బయటికి రాగానే నాకే వినబడింది. జూన్‌లో అన్నది కూడా ఇదే మాట, ఇదే గొంతు. ఇవాళ అందులో ఇంకేమీ లేదు. ప్రమాణం చేసి చెబుతాను, ఇంకేమీ లేదు. కానీ ఎలా తెలుస్తుంది తనకి? నాకే తేడా తెలియడం లేదు.

అక్క తల తిప్పలేదు. కోపం కూడా లేదు గొంతులో, అలసటే ఉంది. "ఈ ఇంట్లో ఎవరూ ఉండటం లేదని రాసుకున్నారుగా. మరి ఎవరి కోసం వచ్చారండీ?"

ఒరే అనలేదు. చిన్నోడా అనలేదు.

మిషన్ మళ్ళీ మొదలైంది. వెళ్ళిపోవాలి, వెళ్ళలేకపోయాను. బండివాడు కింద నుంచి హారన్ కొడుతూనే ఉన్నాడు. జాలీని పట్టుకుని నిలబడ్డాను. వంకర పోయిన మూల ఇంకా వంకరగానే ఉంది. ఎంత సన్న కన్నుల జాలీ, ఎంత గట్టిగా బిగించానో, ఒక్కటి కూడా లోపలికి పోలేకపోతోంది. లోపల అక్క. బయట ఈగలూ, నేనూ.